కోడిమాంసంలో మందు వేరు, మందుకు లొంగని క్రిమి వేరు

సంపాదకులు గారికి,

అయ్యా,

కోడిమాంసంలో యాంటీబయోటిక్‌లు ఉన్నాయన్న వార్తలు, మందులకు లొంగని బ్యాక్టీరియా ఉందన్న వార్తలు పత్రికల్లో తరచుగా కనిపిస్తుంటాయి. చాలాసార్లు ఆ రెండూ ఒకే శీర్షిక కింద, రెండూ ఒకటే అన్నట్టుగా అచ్చవుతాయి. ఆసుపత్రి ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పరీక్షలు చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని కనుక ఈ కలగాపులగం గురించే రాయాలనిపించింది. ఇది వట్టి మాటల తేడా అయితే మీ పత్రికలో ఇంత చోటు అడిగేదాన్ని కాను. మందు కనిపించలేదని నివేదిక రాగానే మాంసం మీద ఉన్న క్రిమి సంగతి కూడా తేలిపోయిందని పాఠకులు అనుకుంటున్నారు. బాగా ఉడికిస్తే చాలన్న సలహాతో, కోళ్ల షెడ్డులో పడవలసిన బాధ్యత వంటగది మీద పడుతోంది.

ముందుగా మందు సంగతి. కోడికి ఇచ్చిన యాంటీబయోటిక్ దాని కండలోను, కాలేయంలోను కొంతకాలం మిగిలి, తర్వాత శరీరం నుంచి బయటికి పోతుంది. అందుకే ఆఖరి మోతాదుకూ కోతకూ మధ్య కొన్ని రోజులు గడవాలని ప్రతి మందుకూ ఒక గడువు పెడతారు. ఆ గడువు పాటించిన ఫారం నుంచి వచ్చిన మాంసాన్ని పరీక్షిస్తే అవశేషం పరిమితికి లోపలే ఉంటుంది, కొన్నిసార్లు అసలే కనిపించదు. ఆ నివేదికలో అబద్ధం ఏమీ లేదు. అయితే మందు కోడి పేగుల్లో ఉన్న ఆ కొద్ది రోజుల్లో అక్కడ ఏం జరిగిందో ఆ నివేదిక చెప్పదు, చెప్పలేదు కూడా. ఆ పేగుల్లోని కోట్లాది బ్యాక్టీరియాలో మందుకు లొంగేవి చచ్చి ఉంటాయి, లొంగనివి మిగిలి ఉంటాయి. ఖాళీ అయిన చోటంతా మిగిలినవాటికే దక్కుతుంది. అనుకూలమైన పరిస్థితుల్లో, పేగుల్లో ఉండే ఇ.కొలై అనే బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. 35 నుంచి 42 రోజులు బతికే బ్రాయిలర్ కోడి లోపల దానికి అది చాలా పెద్ద వ్యవధి. గడువు పూర్తయ్యేసరికి మందు వెళ్లిపోతుంది, క్రిమి మాత్రం ఉండిపోతుంది.

ఈ 'లొంగకపోవడం' కంటికి ఎలా కనిపిస్తుందో చూడనివారికి ఇదంతా గాలిలో మాటగా ఉంటుంది కనుక, మా బల్ల మీద కనిపించే దృశ్యాన్ని చెబుతాను. గంజి గడ్డకట్టినట్టుండే లేత రంగు అగార్ పలుచగా పోసిన గుండ్రటి పళ్లెం మీద, రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో అంతటా సమంగా రుద్దుతాం. దాని మీద ఒక్కొక్క మందు తడిపి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్లలను, ఒక్కొక్కటి ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్నవాటిని, దూరం దూరంగా పెట్టి, శరీరపు వేడిలో ఒక రాత్రంతా ఉంచుతాం. పొద్దున తీసి చూస్తే పళ్లెమంతా బూడిదరంగు పొర పరుచుకుని ఉంటుంది. పనిచేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం ఆ పొర లేకుండా, తుడిచినట్టు శుభ్రమైన వలయం ఒకటి కనిపిస్తుంది, దాని వెడల్పును స్కేలుతో కొలిచి రిజిస్టరులో రాస్తాం. పనిచేయని మందు దగ్గర వలయమే ఉండదు. పొర నేరుగా బిళ్ల అంచు దాకా వచ్చి, అక్కడ మందే లేనట్టు దాన్ని ఒరుసుకుని నిలబడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి పళ్లెం వస్తే పక్కవాళ్లను పిలిచి చూపించేదాన్ని. పదవీ విరమణ నాటికి వలయాలన్నీ ఉన్న పళ్లెం వస్తే పిలిచి చూపించే పరిస్థితి వచ్చింది.

కోడి పేగులో ఉండవలసిన క్రిమి మాంసం మీదికి ఎలా వస్తుందని అడిగేవారున్నారు. కోత జరిగే చోట ఈకలు వదులు కావడానికి కోళ్లను వరసగా ఒకే వేడినీటి తొట్టిలో ముంచుతారు, ఆ తర్వాత రబ్బరు వేళ్లున్న యంత్రం ఈకలు పీకుతుంది. పేగులు బయటికి లాగేటప్పుడు ఎక్కడో ఒకచోట తెగుతాయి. చివర చల్లటి నీటి తొట్టి వాడే చోట అందులో మళ్లీ అన్నీ కలిసి నానుతాయి. ఎంత శ్రద్ధగా చేసినా ఒక కోడి పేగులోని మలం వెనక వచ్చే కోళ్ల చర్మం మీదికి చేరే అవకాశం ఈ ప్రతి మెట్టులోనూ ఉంటుంది. అందువల్ల మందు ఒక్క చుక్క కూడా ఎరగని కోడి మీద మరో ఫారం కోడి నుంచి వచ్చిన మొండి క్రిమి ఉండవచ్చు, అవశేషాల పరీక్షలో ఆ రెండు కోళ్లూ ఒకేలా నెగ్గవచ్చు.

బాగా ఉడికిస్తే సరిపోతుందన్న మాటకు వస్తాను. అందులో నిజముంది. ముక్క లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా లొంగే బ్యాక్టీరియా లాగే చస్తుంది, నిప్పు ముందు వాటికి ప్రత్యేకమైన బలమేమీ లేదు. చిక్కంతా మాంసం పొయ్యి మీదికి ఎక్కక ముందే జరుగుతుంది. పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే ఆ తుంపరలు తొట్టి చుట్టూ, పక్కనున్న గిన్నెల మీద, చేతుల మీద పడతాయి. ఆ కత్తితోనే, ఆ పలక మీదే పచ్చిగా తినే కూరగాయ కోస్తే చాలు. కాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి సుమారు 500 కణాలు లోపలికి వెళ్తే జబ్బు చేయగలదు, ఒక్క చుక్క రసంలోనే అంతకు మించి ఉండవచ్చు. శుభ్రత కోసమని కడగడమే క్రిమిని వంటగదంతా పంచుతోందంటే చాలామంది నమ్మరు, మా ఇంట్లోనూ మొదట నమ్మలేదు. ఫ్రిజ్ గడ్డకట్టించే అరలో పెడితే చస్తుందనుకోవడం కూడా పొరపాటే. కాంపైలోబ్యాక్టర్ సంఖ్య తగ్గుతుంది గాని, సాల్మొనెల్లా అనే మరో క్రిమి ఆ చలిని తట్టుకుని కూర్చుంటుంది.

ఇంకొక సంగతి ఉంది, దాన్ని వార్తలు దాదాపు ఎప్పుడూ చెప్పవు. మందుకు లొంగకపోవడాన్నే నిరోధకత అంటాం. నిరోధకతను ఇచ్చే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటాయి, ఆ చుట్ట ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి నకలై వెళ్లగలదు. కోడి నుంచి వచ్చిన ఇ.కొలై మనిషికి ఏ జబ్బూ చేయకపోవచ్చు, పేగుల్లో నాలుగు రోజులుండి వెళ్లిపోవచ్చు. ఆ నాలుగు రోజుల్లో తన చుట్టను అక్కడే స్థిరపడిన మరో క్రిమికి అందించి వెళ్తే, కొన్నాళ్లకో కొన్నేళ్లకో ఆ మనిషికి మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు వైద్యుడు రాసిన మొదటి మందు పనిచేయదు. అప్పటికి కోడి ఊసు ఎవరికీ గుర్తుండదు. తిన్నవారికి వెంటనే విరేచనాలు పట్టుకుంటే ఎవరైనా లెక్కరాస్తారు, ఇలా వాయిదా మీద వచ్చే నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు.

షెడ్డు నుంచి మనిషికి దారి ఉందా అన్న ప్రశ్నకు జవాబు కొత్తదేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త స్టూవర్ట్ లెవీ బృందం 1976లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలిసినదే. ఒక చిన్న ఫారంలో కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ కలిపిన దాణా పెట్టారు. వారం తిరగకుండానే వాటి పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు అంతా టెట్రాసైక్లిన్‌కు లొంగనిదైపోయింది. కొన్ని నెలలకు ఆ ఫారంలో నివసించే మనుషుల మలంలోనూ అలాంటి బ్యాక్టీరియా పెరిగింది, పక్క ఇళ్లవారిలో ఆ పెరుగుదల లేదు. దాణాలో ఒక్క మందే ఉన్నా క్రిములు క్రమంగా ఇతర మందులకూ లొంగకుండా పోయాయి, ఎందుకంటే ప్లాస్మిడ్ మీద జన్యువులు గుత్తులుగా ఉంటాయి. ఆ దాణా ఆపిన ఆరు నెలలకు ఫారం మనుషుల్లో చాలామందిలో ఆ బ్యాక్టీరియా కనపడకుండా పోయింది. ఆ మనుషులు కోళ్లను పచ్చిగా తినలేదు, కేవలం వాటితో పాటు బతికారు. ఉడికించమన్న సలహా షెడ్డులో పనిచేసేవారికి, లిట్టరు (షెడ్డు నేల మీద పరిచిన, రెట్టలతో కలిసిన పొట్టు) ఎత్తేవారికి, ఆ ఎరువు వేసిన పొలం పక్క నీరు వాడేవారికి ఏ విధంగానూ పనికిరాదు.

ఒకే మందు పేర్లు మార్చుకుని రెండు చోట్లా తిరుగుతుందన్నది కూడా తెలియవలసిన విషయం. కోళ్లకు వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ జంతువు శరీరంలో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, ఆ రెండోది మన మందుల చీటీల్లో రోజూ కనిపించే పేరే. అమెరికాలో 1990ల మధ్యలో ఈ వర్గం మందులను కోళ్లకు అనుమతించిన తర్వాత మనుషులకు వచ్చే కాంపైలోబ్యాక్టర్‌లో నిరోధకత పెరిగింది. అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2000లో అనుమతి రద్దుకు ప్రతిపాదన పెడితే, తయారీదారుతో వాదోపవాదాలు ముగిసి రద్దు అమలయ్యేసరికి 2005 సెప్టెంబరు వచ్చింది. అయిదేళ్లు పట్టింది. అసలు ఆహార జంతువులకు ఈ వర్గం మందులనే అనుమతించని ఆస్ట్రేలియాలో చాలా ఏళ్లపాటు ఆ నిరోధకత చాలా తక్కువ స్థాయిలో ఉండిపోయింది.

కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ కథ ఇంతకన్నా విచిత్రమైనది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970ల నుంచి వైద్యులు దాన్ని చాలావరకు పక్కన పెట్టారు. మనుషులకు అక్కరలేని పాతమందు కదా అని అది పశువుల, కోళ్ల దాణాలోకి టన్నుల కొద్దీ వెళ్లింది. ఈలోగా ఆసుపత్రుల్లో, మొండి ఇన్‌ఫెక్షన్లకు చివరి అస్త్రంగా దాచుకునే కార్బాపెనెమ్ మందులకు కూడా లొంగని క్రిములు వచ్చిపడ్డాయి, వేరే దారిలేక వైద్యులు అటక మీది కొలిస్టిన్‌ను మళ్లీ దించారు. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు పందుల్లో, అంగళ్లలోని పంది, కోడి మాంసంలో, కొద్దిమంది రోగుల్లో కూడా ఎం.సి.ఆర్-1 అనే జన్యువును కనిపెట్టినట్టు ప్రకటించారు. ప్లాస్మిడ్ మీద ప్రయాణించే కొలిస్టిన్ నిరోధకత అదే మొదటిసారి బయటపడడం. మేం వాడే బిళ్లల పరీక్ష ఈ మందుకు పనికిరాదు, అది అగార్‌లో సరిగా పాకదు; అంటే మామూలు ప్రయోగశాలల కంటికి ఈ నిరోధకత ఆనదు. చైనా 2017లో దాణాలో కొలిస్టిన్‌ను ఆపించింది, ఆ తర్వాత జంతువుల్లోను, మనుషుల్లోను ఆ జన్యువు తగ్గింది. భారతదేశం 2019 జూలైలో ఆహార జంతువులకు, కోళ్లకు, దాణాకు ఆ మందును నిషేధించింది.

నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించిన ఉదాహరణ కెనడాది. అక్కడి క్యూబెక్ రాష్ట్రంలోని హేచరీల్లో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పిల్ల ఇంకా గుడ్డులో ఉండగానే, జబ్బు ఏదీ లేకుండానే, ముందుజాగ్రత్తగా సెఫ్టియోఫర్ అనే మందును సూదితో ఎక్కించేవారు. ఇది మనుషులకు వాడే సెఫ్ట్రియాక్సోన్‌కు దాయాది. కొన్ని ఇతర మందులు ఇవ్వకూడని పిల్లలకు, గర్భిణులకు తీవ్రమైన సాల్మొనెల్లా జబ్బు చేస్తే వైద్యులు ఆశ్రయించేది ఈ వర్గాన్నే. కోడిమాంసంలోను, మనుషుల్లోను ఒక రకం సాల్మొనెల్లా ఈ మందుకు లొంగకపోవడం ఎక్కువవుతోందని తేలడంతో 2005 మొదట్లో హేచరీలే స్వచ్ఛందంగా ఆ సూది ఆపాయి. మాంసంలోను, మనుషుల్లోను నిరోధకత రెండూ కలిసి పడిపోయాయి. 2007లో కొంతమేర మళ్లీ మొదలుపెట్టారు, కోడి ఇ.కొలైలో అది మళ్లీ పైకి లేచింది. చివరికి 2014లో దేశమంతటా కోళ్ల పరిశ్రమ ఈ వర్గం మందుల నివారణ వాడకాన్ని మానుకుంది. ఇలా ఆపి, వాడి, మళ్లీ ఆపి చూసిన సందర్భాలు ప్రజారోగ్యంలో అరుదు. కావాలని పెట్టుకున్న ప్రయోగం కాకపోయినా, ఇంత స్పష్టంగా మాట్లాడిన లెక్కను నేను మరొకటి చూడలేదు.

ఇదంతా చదివి మొండి క్రిములన్నిటికీ కోళ్లే మూలమని ఎవరైనా అనుకుంటే అదీ తప్పే. జలుబుకు యాంటీబయోటిక్ మింగడం, చీటీ లేకుండా అమ్మడం, ఆసుపత్రుల్లో చేతులు కడుక్కోకపోవడం, మురుగు, ఇవన్నీ ఉన్నాయి. తిలా పాపం తలా పిడికెడు. నెదర్లాండ్స్‌లో 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఒక రకం మొండి ఇ.కొలైని పేగుల్లో మోస్తున్నవారిలో దాదాపు అయిదింట మూడు వంతుల మందికి అది సాటి మనుషుల నుంచే సోకింది, ఆహారం వాటా అయిదింట ఒక వంతుకు కాస్త తక్కువ. పెంపకందారులు ఈ లెక్క చూపించి తమను వదిలేయమంటారు. నేను అదే లెక్కను మరోలా చదువుతాను. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా సంభవించిన మరణాలు 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షలని అంచనా. అంత పెద్ద సమస్యలో, ఆపగలమని ఇప్పటికే నిరూపించిన దారి ఒకటి ఉన్నప్పుడు అది చిన్నదని ఎందుకు వదలాలి?

పెంపకందారుణ్ని దొంగగా చూపించే రాతలు కూడా నాకు నచ్చవు. 1950 ప్రాంతంలో అమెరికాలో విటమిన్ బి12 కోసం వెతుకుతూ, క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టినప్పుడు అవి త్వరగా బరువెక్కాయి. పిప్పిలో మిగిలిపోయిన మందే దానికి కారణమని తేలాక ఆ అలవాటు ప్రపంచమంతా పాకింది, శాస్త్రమే దాన్ని ఫారానికి నేర్పింది. ఇరుకు షెడ్డులో వేల కోళ్లు ఒకే లిట్టరు మీద, ఒకే గొట్టం నీళ్లు తాగుతూ పెరుగుతున్నప్పుడు నాలుగు కోళ్లు దగ్గితే, ఒక్కొక్కదానికీ విడిగా మందు వేయడం సాధ్యం కాదు. నీళ్ల ట్యాంకులో కలిపితే జబ్బున్నదీ తాగుతుంది, లేనిదీ తాగుతుంది, జబ్బున్నది నీరసంతో తక్కువే తాగుతుంది. క్రిమి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఉండదు.

ఆ బడిని మూయించిన దేశాలు చేసిన పని గొప్ప సాంకేతికం ఏమీ కాదు. డెన్మార్క్ 1995లో అవోపార్సిన్ అనే దాణా మందును ఆపి, ఆ సంవత్సరమే జంతువుల్లో, ఆహారంలో, మనుషుల్లో నిరోధకతను కలిపి లెక్కించే వ్యవస్థ పెట్టింది. నెదర్లాండ్స్ ఏ ఫారం ఎంత మందు వాడిందో నమోదు చేయించి, సాటి ఫారాలతో పోల్చి చూపించింది; 2009 తర్వాత నాలుగేళ్లలో అక్కడ జంతువుల యాంటీబయోటిక్ అమ్మకాలు సగానికి పైగా తగ్గాయి. బరువు పెరగడానికి మందు వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరిలో నిషేధించింది, 2022 జనవరి నుంచి జబ్బు లేని మందకు అలవాటుగా మందు పెట్టడాన్నీ ఆపించింది. లిట్టరు పొడిగా ఉంచడం, టీకాలు వేయడం, కిక్కిరిసిన షెడ్డును పలచబరచడం, ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ మధ్య షెడ్డును ఖాళీగా వదలడం వంటి పాత పద్ధతులే మందు చేసే పనిని చాలావరకు చేశాయి. వీటికి ఖర్చవుతుంది. ఆ ఖర్చును పెంపకందారు ఒక్కడి నెత్తిన రుద్దితే మందు దొడ్డిదారిన మళ్లీ షెడ్డులోకి వస్తుంది, కాబట్టి కొనేవారూ ప్రభుత్వాలూ అందులో పాలు పంచుకోవాలి.

'యాంటీబయోటిక్ రహితం' అన్న చీటీ గురించి ఒక్క మాట. కోళ్లలో రక్తవిరేచనాలు కలిగించే కాక్సిడియా బ్యాక్టీరియా కాదు, దాన్ని అదుపు చేసే అయోనోఫోర్ మందులను మనుషులకు వాడరు; అమెరికాలో వాటిని యాంటీబయోటిక్‌లుగానే లెక్కిస్తారు, ఐరోపాలో వేరే వర్గంలో చూస్తారు. కాబట్టి ఒకే రకంగా పెంచిన కోడికి ఒక దేశంలో ఆ చీటీ దక్కుతుంది, మరో దేశంలో దక్కదు. రెండు చోట్లా ఆ చీటీ కోడికి ఏం పెట్టారన్న సంగతే చెబుతుంది, దాని చర్మం మీద ఏ క్రిమి ఉందో చెప్పదు.

కనుక మీకు నా విన్నపం చిన్నది. ఇకమీదట కోడిమాంసం మీద పరీక్షల వార్త మీ బల్ల మీదికి వచ్చినప్పుడు అది మందు అవశేషం గురించో, బ్యాక్టీరియా గురించో మొదటి వాక్యంలోనే తేల్చి రాయించండి. బ్యాక్టీరియా అయితే దాని పేరు, అది లొంగని మందుల పేర్లు, ఎన్ని నమూనాలు పరీక్షిస్తే ఎన్నింటిలో కనిపించిందో ఆ రెండు అంకెలు, ఆ నమూనాలు ఫారం నుంచి తీసినవో, కోత దగ్గర తీసినవో, దుకాణంలో కొన్నవో కూడా ఉండేలా చూడండి. ఈ వివరాలు మీ విలేకరికి అందకపోతే పరీక్ష చేసిన ప్రయోగశాలకు ఒకసారి ఫోన్ చేయించండి. నివేదికలో లేకపోయినా అక్కడి రిజిస్టరులో అవి వరస తప్పకుండా రాసి ఉంటాయి, మేం రోజూ చేసే పనే అది.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగిని